చెరుకుతోటల దీవి మారిషస్



గోదావరిలో లంకలు ఉంటాయి. చుట్టూ నీళ్ళు, మధ్యలో నేల. ఆ నేల మీద ఊళ్ళు ఉంటాయి, తోటలు ఉంటాయి. సముద్రంలో కూడా అలాంటి లంకలు ఉన్నాయి. వాటిని దీవులు అంటారు. ఈ రోజు చెప్పుకోబోయే దీవి పేరు మారిషస్. అది మనకు చాలా దూరం. అయినా అక్కడ ఉగాది పండక్కి సర్కారు సెలవు ఇస్తారు. అంత దూరాన ఉగాది ఏమిటి అంటారా? వినండి.

ముందు అది ఎక్కడుందో చూద్దాం. గోడ మీద ప్రపంచ పటం ఉంది కదా, దగ్గరికి రండి. మన దేశం కొసన కన్యాకుమారి ఉంది. అక్కడ వేలు పెట్టండి. వేలిని కిందికి, ఎడమ పక్కకి జరపండి. అంతా నీలం రంగే. అది హిందూ మహాసముద్రం. ఆఫ్రికా పక్కన మడగాస్కర్ అనే పెద్ద దీవి తగులుతుంది. దానికి తూర్పున, 800 కిలోమీటర్లు దాటాక, ఆవగింజంత చుక్క ఉంటుంది. అదే మారిషస్. కొన్ని పటాల్లో ఆ చుక్క కూడా వేయరు.

పటంలో చుక్కే గాని, అక్కడ సుమారు 12 లక్షల మందికి పైగా జనం ఉన్నారు. దీవి పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45 కిలోమీటర్లు. పాత తూర్పు గోదావరి జిల్లాని ఆరు ముక్కలు చేస్తే ఒక ముక్క ఎంతో, ఇంచుమించు అంత.

ఆ నేల అగ్నిపర్వతాల వల్ల పుట్టింది. భూమి లోపలి నుంచి కరిగిన రాయి పొంగి, సముద్రంలో గట్టిపడి, దీవి అయింది. అందుకే అక్కడ ఎక్కడ తవ్వినా నల్లరాళ్ళు. దీవి చుట్టూ సముద్రంలో పగడపు దిబ్బలు గోడలాగా ఉంటాయి. పెద్ద అలలు ఆ గోడకి కొట్టుకుని విరిగిపోతాయి. గోడకి ఇవతల నీళ్ళు చెరువులాగా నిమ్మళంగా ఉంటాయి. అన్నిటికంటే ఎత్తయిన కొండ 828 మీటర్లు.

కాలాలు మాత్రం మనకు తిరకాసు. మనం ఎండకి అల్లాడే మే నెలలో అక్కడ చలికాలం మొదలవుతుంది. మనకు సంక్రాంతి చలి వేసేటప్పుడు అక్కడ ఎండలు, వానలు. ఆ రోజుల్లోనే తుపాన్లు వస్తాయి.

తుపాను అంటే దివిసీమ వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19ని వాళ్ళు ఎలా మర్చిపోతారు? మారిషస్ వాళ్ళు 1960 ఫిబ్రవరిని అలాగే చెప్పుకుంటారు. ఆ తుపానుకి కేరల్ అని పేరు పెట్టారు. గడ్డి కప్పుల ఇళ్ళు, రేకుల ఇళ్ళు, కర్ర ఇళ్ళు వేలకు వేలు కూలిపోయాయి. ఆ తరవాత సర్కారు కాంక్రీటు ఇళ్ళు కట్టించింది. జనం కూడా పైసా పైసా కూడబెట్టి స్లాబు వేసుకున్నారు. ఇప్పుడు అక్కడ ఎక్కువ ఇళ్ళు గట్టి ఇళ్ళే. తుపాను హెచ్చరికలకి నంబర్లు ఉంటాయి. నంబరు పెరిగితే బడులు మూసేస్తారు, బస్సులు ఆపేస్తారు. జనం ఇంటి పట్టున ఉండిపోతారు.

ఇక మనుషుల సంగతి. మొదట్లో ఆ దీవిలో మనుషులే లేరు. అడవి, తాబేళ్ళు, పక్షులు, అంతే. డోడో అనే పెద్ద పక్షి ఒకటి ఉండేది. దానికి ఎగరడం రాదు. మనిషిని చూస్తే భయం కూడా లేదు. 1598లో డచ్చి దేశం ఓడలు వచ్చాయి. తమ రాజకుమారుడి పేరు మీద దీవికి మారిషస్ అని పేరు పెట్టారు. మనుషులు వచ్చారు, వాళ్ళతో పాటు పందులు, కోతులు, ఎలుకలు వచ్చాయి. డోడో గుడ్లని బతకనివ్వలేదు. నూరేళ్ళు తిరక్కుండానే ఆ పక్షి భూమ్మీద లేకుండా పోయింది. ఇప్పుడు అది సర్కారు ముద్ర మీద బొమ్మగా మాత్రమే ఉంది.

చెరుకును ఆ దీవికి తెచ్చింది కూడా డచ్చివాళ్ళే. వాళ్ళు 1710లో వెళ్ళిపోయారు. 1715లో ఫ్రెంచివాళ్ళు వచ్చారు. మడగాస్కర్ నుంచి, ఆఫ్రికా నుంచి మనుషుల్ని పట్టి తెచ్చి బానిసలుగా అమ్మారు. అడవులు కొట్టింది వాళ్ళు. రేవు కట్టింది వాళ్ళు. 1810లో ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళని ఓడించి దీవి తీసుకున్నారు. తోటలు మాత్రం ఫ్రెంచి దొరల చేతుల్లోనే ఉండిపోయాయి.

1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. అప్పటికి అక్కడ 66 వేల మంది బానిసలున్నారు. ఇంగ్లీషు సర్కారు నష్టపరిహారం ఇచ్చింది. ఎవరికి అనుకుంటున్నారు? బానిసలకి కాదు, యజమానులకి! 20 లక్షల పౌండ్లకు పైగా ఇచ్చింది. చాకిరీ చేసినవాళ్ళ చేతిలో చిల్లిగవ్వ పెట్టలేదు. వాళ్ళు మళ్ళీ ఆ తోటల మొహం చూడడానికి ఇష్టపడలేదు.

మరి చెరుకు కొట్టేదెవరు? దొరల కళ్ళు మన దేశం మీద పడ్డాయి. అప్పుడు మనల్ని ఏలేదీ ఇంగ్లీషువాళ్ళే. 1834 నవంబరు 2న కలకత్తా నుంచి ఒక ఓడలో 36 మంది కూలీలు ఆ దీవిలో దిగారు. అది మొదలు. తరవాత 1910 దాకా సుమారు 4 లక్షల 50 వేల మంది వెళ్ళారు. బీహారు వాళ్ళు, తమిళులు, మరాఠీలు, మన తెలుగువాళ్ళు. తెలుగువాళ్ళు కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడ ఎక్కారు. అందుకని ఆ దీవిలో తెలుగువాళ్ళందరికీ 'కోరంగీలు' అనే పేరు పడింది. శ్రీకాకుళం వైపు వాడైనా సరే, విశాఖపట్నం వైపు వాడైనా సరే, అక్కడ కోరంగీయే.

ఎందుకు వెళ్ళారు? ఇక్కడ కరువు, అప్పులు. అక్కడ రాయి తిప్పితే కింద బంగారం దొరుకుతుందని చెప్పారట. ఈ మాట ఆ దీవిలో ముసలివాళ్ళు ఇప్పటికీ కథగా చెబుతారు. దిగాక నిజంగానే రాళ్ళు తిప్పారు. చెరుకు వేయాలంటే పొలంలో నల్లరాళ్ళు ఏరాలి కదా! ఆ రాళ్ళని పొలాల మధ్యలో కుప్పలు పోశారు. కొన్ని కుప్పలు మేడంత ఎత్తున ఇప్పటికీ ఉన్నాయి. బంగారం మాత్రం లేదు.

పోర్ట్ లూయీ అనే ఊరు ఆ దేశానికి రాజధాని. అక్కడి రేవులో 16 రాతి మెట్లు ఉన్నాయి. ఓడ దిగిన మన కూలీలు ఆ మెట్లు ఎక్కి దీవిలోకి వెళ్ళారు. ఆ చోటుని ఇప్పుడు 'ఆప్రవాసీ ఘాట్' అంటారు. 2006లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు.

కూలీకి ఐదేళ్ళ ఒప్పందం. నెలకు 5 రూపాయలు జీతం, తిండి, బట్ట. ఒప్పందం కాగితం మీద ఉండేది. చదవడం వచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటారు? చూపించిన చోట గుర్తు పెట్టడమే. ఆ కాగితంలో ఏముందో తోటలో దిగాక తెలిసేది. ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. దాన్ని అక్కడ 'జంట కోత' అనేవారు. ఒప్పందం అయిపోయిన పాత కూలీలు కూడా ఫొటో అంటించిన చీటీ ఎప్పుడూ ఒంటి మీద పెట్టుకోవాలి. పోలీసు అడిగినప్పుడు చీటీ లేకపోతే కొట్లో వేస్తారు. బంధువుల ఊరికి వెళ్ళినా సరే, చీటీ ఉండాల్సిందే.

ఓపిక పట్టి పట్టి, 1871లో ఆ పాత కూలీలు ఒక అర్జీ రాయించారు. దాని మీద 9 వేల 4 వందల మంది సంతకాలు, గుర్తులు ఉన్నాయి. ద ప్లెవిజ్ అనే తెల్లదొర వాళ్ళకు సాయం చేశాడు. తోటల దొరలు అతని మీద మండిపడ్డారు, వీధిలో కొట్టారు కూడా. అయినా అర్జీ ఊరికే పోలేదు. లండన్ నుంచి విచారణ సంఘం వచ్చింది. కొన్ని రూల్సు మారాయి. అన్నీ మారలేదు.

1901లో గాంధీగారు దక్షిణ ఆఫ్రికా నుంచి మన దేశానికి వస్తూ దారిలో ఆ దీవిలో ఆగారు. మూడు వారాలకు దగ్గర ఉన్నారు. పిల్లల్ని చదివించండి, రాజకీయాల్లోకి రండి అని మనవాళ్ళకి చెప్పి వెళ్ళారు.

కానీ రాజకీయాల్లోకి రావాలంటే ఓటు ఉండాలి. ఓటు ఎవరికుంది? ఆస్తి ఉన్నవాడికి, మంచి జీతం ఉన్నవాడికి. దీవి మొత్తం మీద 12 వేల మందికి మాత్రమే ఓటు ఉండేది. ఆడవాళ్ళకి అసలే లేదు.

చెరుకు కోసే ఆడవాళ్ళకి మగవాళ్ళకంటే తక్కువ కూలి ఇచ్చేవాళ్ళు. ఈ మాట మీకు కొత్త కాదు. 1943లో కూలి పెంచమని కొన్ని తోటల్లో పని ఆపేశారు. సెప్టెంబరు 27న బెల్ వ్యూ హారెల్ అనే తోట దగ్గర పోలీసులు తుపాకులు పేల్చారు. అంజలై కూపెన్ అనే కూలి మనిషి అక్కడ చనిపోయింది. తమిళ కుటుంబం ఆమెది. అప్పటికి ఆమె గర్భిణి. ఇప్పుడు ఆ చోట ఉన్న పెద్ద ఆటస్థలానికి ఆమె పేరే పెట్టారు.

తరవాత 1947లో కొత్త చట్టం వచ్చింది. ఆస్తి లేకపోయినా సరే, చదవడం రాయడం వస్తే ఓటు ఇస్తామన్నారు. ఆడవాళ్ళకి కూడా. ఏ భాషలో రావాలి? ఇంగ్లీషే కావాలని లేదు. ఆ చట్టంలో కొన్ని భాషల పేర్లు రాశారు. హిందుస్తానీ, తమిళం, ఉర్దూ, చైనా భాష, ఇంకా కొన్ని. అందులో తెలుగు కూడా ఉంది!

ఇంకేముంది. పగలంతా చెరుకు కొట్టి వచ్చినవాళ్ళు రాత్రి దీపం ముందు కూచున్నారు. బాసుదేవ్ బిసుందోయాల్ అనే పంతులుగారు, ఆయన జట్టువాళ్ళు ఊరూరా తిరిగి అక్షరాలు నేర్పారు. చిన్న వాక్యం చదవాలి, పేరు రాయాలి. అది వస్తే ఓటర్ల జాబితాలోకి ఎక్కుతారు. 12 వేల మంది ఉన్న జాబితా 72 వేలకు దగ్గరైంది. 1948లో ఎన్నికలు జరిగితే కూలీల పిల్లలు గెలిచి సభలో కూచున్నారు. ఎమిలియన్ రోష్‌కూస్త్ అనే ఆవిడ కూడా గెలిచింది. ఎన్నికల్లో గెలిచి ఆ సభకి వెళ్ళిన మొదటి ఆడమనిషి ఆవిడే.

మరి చదువు రాని వాళ్ళ మాటేమిటి? వాళ్ళకి ఓటు 1959 ఎన్నికల్లో వచ్చింది. అప్పటి నుంచి వయసొచ్చిన అందరికీ ఓటు. అసలు మొదటే అలా ఇచ్చి ఉండాల్సింది. అన్నం పండించేవాడిని అక్షరం అడగడం న్యాయం కాదు. మన దేశంలో 1950లో రాజ్యాంగం వచ్చిన రోజు నుంచే అందరికీ ఓటు ఉంది.

1968 మార్చి 12న మారిషస్‌కు స్వాతంత్య్రం వచ్చింది. శివసాగర్ రామ్‌గులామ్ మొదటి ప్రధానమంత్రి. ఆయన తండ్రి బీహారు నుంచి కూలీగా వచ్చినవాడే. 1992లో మార్చి 12నే ఆ దేశం గణతంత్రం అయింది.

అక్కడి సర్కారు మన పద్ధతిలాగే ఉంటుంది. రాష్ట్రపతి ఉంటారు గాని పెత్తనం ప్రధానమంత్రిది. ఓటర్లు 62 మందిని గెలిపిస్తారు. పెద్ద దీవిలో ఒక్కొక్క నియోజకవర్గానికి ముగ్గురు సభ్యులు. మనిషికి మూడు ఓట్లు అన్నమాట. ఏ జాతివాళ్ళకైనా సీట్లు తక్కువ పడితే, ఓడినవాళ్ళలో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళని 8 మంది దాకా తీసుకుంటారు. ఇది మన దగ్గర లేదు. 2024 నవంబరు ఎన్నికల్లో సర్కారు మారింది. శివసాగర్ కొడుకు నవీన్ రామ్‌గులామ్ ప్రధాని అయ్యారు. అక్కడ సైన్యం లేదు, పోలీసులే. 2015 నుంచి 2018 దాకా అమీనా గరీబ్ ఫకీమ్ అనే ఆవిడ రాష్ట్రపతిగా చేశారు. ఆవిడ మొక్కల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. ఊరి సభల ఎన్నికల్లో పార్టీలు నిలబెట్టే వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలని 2011లో చట్టం చేశారు. కాని పెద్ద సభలో ఇప్పటికీ ఆడవాళ్ళు తక్కువే.

అన్ని జాతులూ ఎప్పుడూ కలిసిమెలిసే ఉన్నాయంటే అది నిజం కాదు. 1999 ఫిబ్రవరిలో కాయా అనే పాటగాడు పోలీసుల చెరలో చనిపోయాడు. అతను ఆఫ్రికా మూలం ఉన్న క్రియోల్ జాతివాడు. అప్పుడు కొట్లాటలు జరిగాయి, ప్రాణాలు పోయాయి. కాని మామూలు రోజుల్లో అందరూ మాట్లాడుకునేది ఒకే భాష. దాని పేరు క్రియోల్. ఫ్రెంచి నుంచి పుట్టింది. బజార్లో అందరూ తినేది పప్పు కూరిన దాల్ పూరీ. డబ్బుని అక్కడ కూడా రూపాయే అంటారు.

తెలుగువాళ్ళు ఆ జనంలో కొద్దిమందే. నూటికి ఇద్దరు ముగ్గురు. ఇళ్ళల్లో తెలుగు మాట్లాడడం చాలామట్టుకు పోయింది. కాని రామభజన పోలేదు. దీపం చుట్టూ తిరుగుతూ పాటలు పాడతారు. సింహాద్రి అప్పన్నకి పూజ చేస్తారు, అమ్మోరి పండగ చేస్తారు. బడిలో పిల్లలు కావాలంటే తెలుగు నేర్చుకోవచ్చు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఉగాదికి సెలవు ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా!

సరే, వాళ్ళ బతుకుతెరువు ఏమిటి? చాలాకాలం చెరుకు ఒక్కటే. చక్కెర ధర పడిపోతే దేశమే పస్తు. బియ్యం, గోధుమపిండి అంతా బయటి నుంచి ఓడల్లో రావాల్సిందే. ఇప్పుడూ అంతే. 1960ల్లో పెద్ద పెద్ద పండితులు ఈ దేశం బాగుపడదని రాశారు.

1970లో సర్కారు ఒక చట్టం చేసింది. బట్టలు కుట్టి బయటి దేశాలకి పంపే కార్ఖానాలకి పన్నులు తగ్గించింది. కార్ఖానాలు వచ్చాయి. మిషన్ల ముందు కూచున్నది ఎవరు? ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళకి మొదటిసారి నెల జీతం చేతికొచ్చింది. ఇంట్లో వాళ్ళ మాట చెల్లింది. ఇది మంచే. కాని జీతాలు తక్కువ, పని గంటలు ఎక్కువ. దొరలు ఆడవాళ్ళని పెట్టుకున్నది వాళ్ళ మీద ప్రేమతో కాదు, చవగ్గా దొరుకుతారని. 2000 దాటాక ఇతర దేశాల్లో ఇంకా చవగ్గా కుట్టించుకోవచ్చని చాలా కార్ఖానాలు మూసేశారు. నలభై యాభై ఏళ్ళ ఆడవాళ్ళు వేల మంది ఉన్నపళాన రోడ్డున పడ్డారు. అదే సమయంలో యూరపు దేశాలు చక్కెరకి ఇచ్చే ధరని మూడో వంతుకి పైగా కోసేశాయి.

ఇప్పుడు ఆ దేశానికి డబ్బు ఎక్కువగా బ్యాంకుల వ్యాపారం నుంచి, చూడ్డానికి వచ్చేవాళ్ళ నుంచి వస్తుంది. 2024లో దేశ జనాభా కంటే ఎక్కువమంది యాత్రికులు వచ్చారు. చెరుకు ఇంకా ఉంది. రసం తీసిన పిప్పిని పారెయ్యరు. దాన్ని మండించి కరెంటు తీస్తారు.

ఆ దేశం చేసిన గట్టి పని ఒకటుంది. 1977లో హైస్కూలు చదువుకి ఫీజు తీసేశారు. ఫీజు ఉన్నప్పుడు ఇంట్లో ఎవరిని బడి మానిపించేవాళ్ళో చెప్పక్కర్లేదు. ఫీజు పోయాక ఆడపిల్లలు చదివారు. సర్కారు ఆస్పత్రిలో వైద్యం ఉచితం. 2005 నుంచి బడిపిల్లలకి, ముసలివాళ్ళకి బస్సు ఉచితం. ముసలివాళ్ళందరికీ పింఛను ఉంది. అది 60 ఏళ్ళకి వచ్చేది. 2025లో సర్కారు దాన్ని మెల్లమెల్లగా 65కి జరుపుతామంది. జనం ఊరుకోలేదు, వీధుల్లోకి వచ్చారు.

2020 జులైలో ఇంకొక కష్టం వచ్చింది. వకాషియో అనే పెద్ద ఓడ పగడపు దిబ్బని ఎక్కి ఇరుక్కుపోయింది. కొన్నాళ్ళకి ఓడ చిట్లి, సుమారు వెయ్యి టన్నుల నూనె సముద్రంలో కలిసింది. చేపలు పోయాయి, నీళ్ళు నల్లబడ్డాయి. జనం సర్కారు కోసం కూచోలేదు. చెరుకు ఆకు తెచ్చారు. గుడ్డల్ని పొడుగు సంచులుగా కుట్టి, ఆకు కూరి, నూనెకి అడ్డంగా నీళ్ళలో వేశారు. జుట్టు నూనెని పీలుస్తుందని చాలామంది ఆడవాళ్ళు తమ జుట్టు కత్తిరించి ఇచ్చారు.

మారిషస్ దేశంలో ఇంకా చిన్న దీవులున్నాయి. తూర్పున 560 కిలోమీటర్ల దూరంలో రోడ్రిగ్స్ ఉంది. అక్కడ ఆడవాళ్ళు మోకాటి లోతు నీళ్ళలో నడుస్తూ, ఇనప ఊచతో ఎనిమిది కాళ్ళ ఆక్టోపస్‌ని పొడిచి పడతారు. మరీ ఎక్కువ పట్టేసరికి అవి తగ్గిపోయాయి. 2012 నుంచి ఏటా కొన్ని నెలలు వేట ఆపుతున్నారు. ఆపాక పడితే పెద్దవి దొరుకుతున్నాయి.

ఛాగోస్ అనే దీవుల కథ మాత్రం వేరు. 1965లో ఇంగ్లండు ఆ దీవులని మారిషస్ నుంచి విడదీసింది. అందులో ఒకటైన డియెగో గార్సియాని అమెరికా సైన్యానికి ఇచ్చింది. 1968 నుంచి 1973 లోపల అక్కడి జనం అందర్నీ ఓడలెక్కించి తోలేశారు. షార్లేసియా అలెక్సిస్ అనే ఆవిడ 1967లో భర్తకి వైద్యం చేయించడానికి మారిషస్ వచ్చింది. తిరిగి వెళ్దామంటే ఓడ లేదు, మీ దీవి అమ్మేశారు అన్నారు. వాళ్ళంతా పోర్ట్ లూయీ మురికివాడల్లో పడ్డారు. కొన్నేళ్ళకి ఇంగ్లండు కొంత డబ్బు ఇచ్చింది. ఇచ్చేటప్పుడు 1983లో ఒక కాగితం మీద వేలిముద్రలు తీసుకున్నారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. వాళ్ళలో చాలామందికి ఏ భాషా చదవడం రాదు. డబ్బు ముట్టినట్టు రసీదు అనుకున్నారు. 'మా దీవికి తిరిగి వెళ్ళే హక్కు వదులుకుంటున్నాం' అని అందులో ఉందని తరవాత తెలిసింది.

ఆ ఆడవాళ్ళు ఊరుకోలేదు. షార్లేసియా, లిజెట్ తలాత్, రీటా బాంకూల్ అంతకు ముందు నుంచే వీధుల్లో కూచుని పోరాడుతున్నారు. 1981లో జైలుకీ వెళ్ళారు. రీటా కొడుకు ఒలివియే లండన్ కోర్టులో కేసు వేసి 2000లో గెలిచాడు, 2008లో పై కోర్టులో ఓడిపోయాడు. 2019లో ప్రపంచ న్యాయస్థానం ఆ దీవులని విడదీయడం తప్పని చెప్పింది. 2025 మే 22న ఇంగ్లండు, మారిషస్ ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. దీవులు మారిషస్‌వే అని అందులో ఉంది. డియెగో గార్సియాలో సైన్యం 99 ఏళ్ళు ఉంటుందని కూడా ఉంది. షార్లేసియా, లిజెట్ దాన్ని చూడలేదు. ఇద్దరూ 2012లోనే పోయారు.